నరసింహస్వామికి రెండు కుడి చెప్పులు

మిట్టపల్లె ఏసేపు అయిదో తరగతిలోనే బడి ఎందుకు మానేశాడని అడిగితే, దేవుడి చెప్పుల వల్ల అంటాడు. అడగకపోయినా అంటాడు.

పిచ్చుకలకొండ నరసింహస్వామికి ఏటా వైశాఖంలో కొత్త చెప్పుల జత ఇస్తారు. ఒక్కో చెప్పు మూరకు పైన జానెడు. ఏడాది తిరిగి కొత్తవి వచ్చేసరికి పాతవాటి అడుగులు అరిగిపోయి ఉంటాయి. సామి రోజూ పొద్దుగూకినాక కొండమీది చెంచుగూడేనికి, చెంచులక్ష్మి ఇంటికి నడిచిపోయి, కోడి కూసేలోగా ఏమీ ఎరగనట్టు గుళ్ళో వచ్చి నిలబడతాడని, అందుకే అరుగుతాయని చుట్టుపక్కల పల్లెలన్నీ నమ్ముతాయి. అయిదో తరగతి అయివారు మాత్రం నమ్మలేదు. "ఎలుకలు కొరుకుతాయిరా అబ్బీ" అన్నాడు. ఏసేపు లేచి నిలబడి, "ఎలుకలైతే మడమ కాడనే ఎందుకు కొరుకుతాయి సార్? మా నాయన చెప్పులు గూడా అట్లే మడమ కాడనే అరుగుతాయి. మా నాయన యాడికి పోతాడో మా అమ్మకు తెలుసు" అన్నాడు. తరగతంతా ఘొల్లుమంది. అయివారి బెత్తం విరిగింది.

"బెత్తం విరిగింది గానీ నా ప్రశ్న విరగలేదప్పా. అంతటితో ఆ బడికి నాకు చెప్పేంత చదువు లేదని తేలిపోయింది" అంటాడు ఏసేపు, యాభై ఆరేళ్ళ వయసులో ఎర్రగుంట్ల బస్టాండు గోడవార గొడుగు కింద కూర్చుని, ఎవరిదో తెగిన చెప్పు కుడుతూ. చెప్పు కుట్టించుకునేవాడు ఒంటికాలి మీద నిలబడి వినక తప్పదు. వాళ్ళ జేజినాయన కుట్టిన చెప్పు ఒకటి వానల్లో వంకలో కొట్టుకుపోయి, పెన్నలో పడి, సముద్రం దాకా పోయి, ఉప్పునీళ్ళు తాగి, అట్లాంటి నీళ్ళు మనకెందుకని తిరిగి వచ్చిందట. ఇంకొకదాన్ని చిరుతపులి కొరకబోయి పళ్ళూడగొట్టుకుని, ఆ పైన జావ తాగి బతికిందట. ఆ జావ ఎవరు కాచి పోశారని ఎవరైనా అడిగితే, "మా జేజమ్మే పోసింది, పాపం నోరు లేని జీవం గదా" అంటాడు ఏసేపు, తడుముకోకుండా.

వాళ్ళ తాత కాలంలో ఇల్లంతా చర్చికి మారింది. పేర్లు మారాయి, చేతి పని మారలేదు. ఆదివారం చర్చిలో కానుకల పళ్ళెం పట్టేది ఏసేపే, వైశాఖంలో నరసింహస్వామికి చెప్పు కుట్టేదీ ఏసేపే. కొత్తగా వచ్చిన పాస్టరు యేసుప్రసాద్ ఒకసారి మెల్లగా కదిపాడు. "ఏసేపన్నా, ఇది మనకు తగునా?"

"అయ్యగారూ, పోయిన నెల మీ బూటు అడుగు ఊడితే నేనే గదా కుట్టినా. అంతమాత్రాన నేను పాస్టరునైపోయినానా? కాళ్ళుండే వాళ్ళందరికీ కుడతాండా."

పాస్టరు తన బూట్ల వైపు చూసుకుని, మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

ఈ చెప్పుల ఆచారంలో ఒక తిరకాసు ఉంది. జతను ఒక్కరే కుట్టరు. కొండకు ఈ పక్క మిట్టపల్లెలో ఏసేపు ఇల్లు ఒక చెప్పు కుడుతుంది, ఆ పక్క వంకపల్లెలో బొజ్జన్న ఇల్లు ఇంకొక చెప్పు. ఇరవై ఒక్క దినాలు రెండిళ్ళ నడుమ రాకపోకలుండవు, మాటలుండవు, ఇప్పటి కాలంలో ఫోన్లు కూడా ఉండవు. ఒకరి చెప్పు ఒకరు చూడరు. పండగ సాయంత్రం కొండ కింది మండపంలో గుడ్డ తీసి పక్కపక్కన పెడితే నూలుపోగంత తేడా లేకుండా జత కలుస్తాయి. కొలత లేకుండానే కలుస్తాయని ఏసేపు బస్టాండులో ప్రమాణం చేస్తాడు. అతని పెళ్ళాం వరమ్మను అడిగితే, ఇంటి వాసాల్లో తాతల నాటి వెదురు కొలతపుల్ల ఉందని చెప్పేస్తుంది.

ఎందుకు ఇద్దరు? దీనికి ఏసేపు దగ్గర ఉన్న కథ ఇది.

సామి రోజూ కొండెక్కి పోతుంటే కాలికి తుమ్మముళ్ళు గుచ్చుకునేవి. పొద్దున్నే ఇంట్లో ఆదిలక్ష్మమ్మ, "గుళ్ళో నిలబడుండే మొగోడికి కాల్లో ముల్లెట్ల వచ్చింది?" అని నిలదీసింది. చెప్పులు కుట్టించుకుందామా అంటే, జత చూస్తే ఆమె ప్రయాణం సంగతి కనిపెడుతుంది. ఒంటి చెప్పైతే ఎవరికి అనుమానం? సరే, ఇద్దరి దగ్గర ఒక్కొక్కటి కుట్టించుకుంటే? ఆ ఇద్దరూ ఎక్కడన్నా కలిసి మాట్లాడుకుంటే గుట్టు బయటపడుతుంది. అందుకని సామి మూడు లోకాలూ వెతికి, ఒకరితో ఒకరు మాట్లాడుకోని ఇద్దరు అన్నదమ్ములను పట్టుకున్నాడు. పొట్టేలు తలకాయ కూరలో మెదడు ఎవరికి పడాలని పోట్లాడుకుని మాటలు మానేసిన వాళ్ళు. ఒకడు మిట్టపల్లెకు మూలపురుషుడు, రెండోవాడు వంకపల్లెకు.

"మీరందరూ నిష్ఠ నిష్ఠ అంటారే, అది నిష్ఠ గాదప్పా. తలకాయ కూర" అంటాడు ఏసేపు.

మొదటి ఏడు గడిచాక తమ్ముడు వచ్చి ఏడ్చాడట. కుడి చెప్పు అన్నకు, ఎడమది నాకా అని. నిజమే, కుడి చెప్పుకున్న గౌరవం ఎడమ చెప్పుకు లేదు. ఊరేగింపులో కుడి చెప్పు ముందు, దాని వెంట డప్పులు, ఎడమది వెనక. జనం తలల మీద ఆనించేటప్పుడు ముందు కుడిది. అందుకని సామి వంతులు పెట్టాడు. ఒక ఏడు కుడి, ఒక ఏడు ఎడమ. తరతరాలుగా ఆ వంతు తప్పలేదు.

అవును, తలల మీద ఆనిస్తారు. అదే ఆ పండగకు ప్రాణం. ఒకప్పుడు ఏసేపు వాళ్ళ వాడ మనుషులు ఊళ్ళోకి వస్తే చెప్పులు చేత్తో పట్టుకుని నడిచేవాళ్ళు. అట్లా నడిపించిన ఇళ్ళవాళ్ళే ఆ ఒక్క సాయంత్రం తలపాగా తీసి, తల వంచి, ఆ వాడ మనుషులు కుట్టిన చెప్పు నెత్తిన పెట్టమని వరుసలో నిలబడతారు. మండపం మెట్ల మీద నుంచి పూజారి, "మిట్టపల్లె ఏసేపు చెప్పు వచ్చిందా?" అని కేక వేస్తాడు. ఏసేపు "వచ్చింది సామీ!" అంటాడు. ఏడాదంతా అతన్ని పిలిచేది చెప్పు తెగినవాళ్ళే. చెప్పు తెగకుండానే, అంతమందిలో, పూర్తి పేరుతో పిలిచేది ఆ ఒక్క పూటే.

ఈసారి ఆ పిలుపుకే ముప్పు వచ్చింది. గుడి పెత్తనం సుబ్బయ్యది. సిమెంటు లారీలు తిప్పి నాలుగు రాళ్ళు వెనకేసుకున్న మోతుబరి. నిరుడు పాత గుడి విప్పి కొత్తది కట్టించాడు, అందువల్ల పండగ జరగలేదు. కొత్త గోపురం, కొత్త గ్రానైటు నేల చూసుకున్నాక, మోటు తోలు చెప్పులు ఆయన కంటికి ఆనలేదు. ఉగాది నాడు అందరి ముందర అనేశాడు.

"ఏసేపూ, మద్రాసులో దేవుని సామాన్లు చేసే కంపెనీ ఉండాది. వెండి తొడుగు చెప్పులు, మిషను పని, జత అంటే జత. ఈ ఏడుకు మీరే తెండి. ఒక్క వంక కనబడిందా, వచ్చే ఏటి నుంచి కంపెనీవే."

"మా చెప్పులో వంకా? సుబ్బయ్యన్నా, వంకలు పెన్నకు ఉంటాయి గానీ మా చేతికి ఉండవు" అని ఏసేపు నవ్వేసి వచ్చాడు. ఇంటికొచ్చాక మాత్రం అన్నం సగంలోనే వదిలేశాడు.

పని మొదలుపెట్టే నాటి ఉదయం లెక్క వచ్చింది. ముందటేడు అతను కుట్టింది కుడిది. మధ్యలో నిరుడు పండగ లేదు. మరి ఈ ఏడు ఏది?

ఏసేపు గుంజకు ఆనుకుని ఆలోచించాడు. పండగ లేకపోయినా ఏడు గడిచింది గదా. నిరుడు తన వంతు ఎడమ, అది ఆ పాటికి పోయింది. కాబట్టి ఈ ఏడు కుడి. లెక్క ఎంత నున్నగా వచ్చిందంటే, అతనికే ముచ్చటేసింది.

వరమ్మ చాటలో బియ్యం చెరుగుతూ విన్నది. "కుట్టకుండానే వంతెట్ల పోతుందయ్యా? నువ్వు నిరుడు ఏం కుట్టినావు, బస్టాండులో కోతలు కుట్టినావు. ఈ ఏడు ఎడమదే."

"ఏడు ఏడే. నేను కుట్టకపోతే నా వయసు పెరగకుండా ఆగిందా?"

"అయితే నేను పోయి బొజ్జన్న పెండ్లాం నాగలతను అడిగొస్తా. ఆడోళ్ళకు నిష్ఠ లేదు గదా."

"వద్దు వద్దు! రూలు రూలే" అన్నాడు ఏసేపు, ఉలిక్కిపడి. పులికి జావ పోయించిన మనిషికి అంత రూలు పిచ్చి ఎక్కడి నుంచి వచ్చిందో వరమ్మకు తెలుసు. ఆమె చాట కొంచెం గట్టిగా చెరిగింది.

కుడి చెప్పే మొదలైంది. తంగేడు చెక్కలో, కరక్కాయ నీళ్ళలో నానిన దున్నపోతు తోలు, రెండు పొరలు. వంక అన్న మాట సుబ్బయ్య గొంతులోనే ఆగిపోయేటట్టు చేయాలని పట్టుదల. పై పొర మీద నెమలిని చెక్కాడు. పురి విప్పిన నెమలి, ఒక్కో కన్నుకు ఒక్కో ఇత్తడి మొల, మొత్తం నూట ఎనిమిది. ఇరవై ఒక్క దినాలు నీచు ముట్టలేదు. రెండో ఆదివారం వరమ్మ కోడికూర వండుకుని, అతనికి ఎదురుగా కూర్చుని, ఎముక పీలుస్తూ తిన్నది. "నిష్ఠ నీకు గదా" అన్నది. అయినా అతను తల ఎత్తకుండా మొలలు కొట్టుకుంటూ పోయాడు. అట్లాంటి పని అతని చేతి మీద ముందెప్పుడూ జరగలేదు. ఇది కోత కాదు, వరమ్మ కూడా ఒప్పుకున్నది.

పండగ సాయంత్రం ఎండ ఇంకా చురుక్కుమంటుండగానే ఏసేపు నెత్తిన పసుపు గుడ్డ కట్టిన చెప్పుతో కొండ కిందికి వచ్చాడు. అటు నుంచి బొజ్జన్న వచ్చాడు. ఏసేపు కంటే నాలుగేళ్ళు పెద్ద, పొట్ట ముందు, మనిషి వెనక. ఇద్దరి ముందూ డప్పులే. ఎవరి డప్పులు ముందు నడవాలో తెలియక రెండు దండ్లూ మండపం మెట్ల కాడ ఒకదానికొకటి గుద్దుకున్నాయి. డప్పులుండేది కుడి చెప్పుకే గదా అని ఏసేపు బొజ్జన్న నెత్తిన ఉన్న గుడ్డ వైపు తొంగి చూశాడు.

"మిట్టపల్లె ఏసేపు చెప్పు వచ్చిందా?"

"వచ్చింది సామీ!"

"వంకపల్లె బొజ్జన్న చెప్పు వచ్చిందా?"

"వచ్చింది సామీ!"

పూజారి రెండు గుడ్డలూ ఒక్కసారే లాగాడు. ఒకదాని మీద నెమలి, ఒకదాని మీద తామరపువ్వు. రెండింటి బొటనవేలూ ఒకే పక్క. రెండూ కుడివే.

డప్పులు ఆగిపోయాయి. వెనక నుంచి ఎవడో, "సామి ఒంటికాలి మీద గెంతుకుంటా పోవాల్నేమో చెంచుగూడేనికి" అన్నాడు. నవ్వులు. సుబ్బయ్య జేబులోంచి ఫోను తీసి, కంపెనీ వాడి నెంబరు వెతకడం మొదలుపెట్టాడు.

"ఒరే ఏసేపూ, ముందటేడు కుడి నీదే గదరా!" అన్నాడు బొజ్జన్న.

"నిరుడు ఎడమ గూడా నాదే గదన్నా."

"నిరుడు పండగే ల్యా!"

"ఏడు ఉండాది గదా!"

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. లెక్కలు వేరు, ఆశ ఒకటే. ఎటు తిప్పినా ఎవరికి వాళ్ళకు కుడే వచ్చేట్టు వేసిన లెక్కలు.

అప్పుడు ఏసేపు నోరు తనంతట తానే తెరుచుకుంది. మెట్టెక్కి నిలబడి, సుబ్బయ్యకు కాక జనానికి చెప్పాడు. "నవ్వుతాండారే, ఇది తప్పనుకున్నారా? అరవై ఏండ్లకొకసారి ఇట్లే రావాల. సామి సగం సింహం. సింహానికి కుడి ఎడమ యాడివి? నాలుగూ పాదాలే. కంబం చీల్చుకుని సామి బయటికి వచ్చినప్పుడు కుడికాలు ముందు పెడదామా అనుకునేలోపల రాక్షసుడు పరిగెత్తినాడు. ఆ కోపంలో రెండు కాళ్ళూ ముందే పడినాయి, రెండూ కుడివే అయినాయి. అరవై ఏండ్లకు ఆ గడియ తిరిగొస్తాది. మా జేజినాయన చెప్పి చచ్చిపోయినాడు. నా మాట వద్దు, ఆ స్తంభం మీద సామి బొమ్మ చూడండి. రెండు పాదాలూ ఒకే దిక్కుకు తిరిగి ఉండాయా లేదా?"

జనమంతా తల తిప్పారు. పాత గుడిలోంచి తెచ్చి నిలబెట్టిన రాతిస్తంభం మీద, పక్కకు తిరిగి నిలబడ్డ నరసింహస్వామి. రెండు పాదాలూ నిజంగానే ఒకే దిక్కుకు ఉన్నాయి.

"అవునప్పో!" అన్నది జనం.

రామలక్ష్మమ్మ అనే ముసలావిడ కర్ర ఊపుకుంటూ ముందుకొచ్చింది. "నా చిన్నప్పుడు నేను చూసినా. అప్పుడూ రెండూ కుడివే. మా అమ్మ నన్ను చంకనెత్తుకుని చూపించింది."

పూజారి గొంతు సవరించుకుని, "శాస్త్రంలో ఎక్కడో ఉండాది" అన్నాడు. కొందరు దండం పెట్టారు. సుబ్బయ్య ఫోను తిరిగి జేబులోకి పోయింది. ఆయన చేతులు కూడా, ఎందుకైనా మంచిదని, సగం దాకా లేచాయి.

గెలిచాడు. ఇంతటి కోత ఏసేపు జన్మలో కోయలేదు, ఇంతమంది ఒకేసారి నమ్మిందీ లేదు. మీసం మీదికి చేయి పోతూ పోతూ, కన్ను చెప్పుల మీద పడింది.

పక్కపక్కనే రెండు కుడి చెప్పులు. చిటికెనవేలు ఉండాల్సిన చోట బొటనవేలు దూరే ఉంగటం. ఎడమకాలికి అది తొడిగితే నాలుగడుగులకే చిటికెనవేలు ఒరుసుకుపోతుంది, పదడుగులకు పొక్కు, కొండెక్కేసరికి పుండు. బస్టాండులో చీకట్లో చెప్పులు మారిపోయి కుంటుకుంటూ వచ్చినవాళ్ళను ఎంతమందిని చూశాడు. ఎంతమందిని తిట్టాడు. సామి నడుస్తాడా, ఎలుకలు కొరుకుతాయా అన్నది వేరే సంగతి. చెప్పు కుట్టినవాడు మాత్రం కాలు నడుస్తుందనే కుట్టాలి. నోటితో ఎన్నయినా కోయొచ్చు, తోలులో ఒక్క అబద్ధం కోయలేదు వాళ్ళింట్లో ఎవరూ.

వరమ్మ జనంలోంచి చూస్తోంది. ఆమె కళ్ళు కూడా ఆ చెప్పుల మీదే ఉన్నాయి.

"సుబ్బయ్యన్నా" అన్నాడు ఏసేపు. గొంతు కొంచెం తగ్గింది. "ఆ అరవై ఏండ్ల కథ నేనిప్పుడే అల్లినా."

"నువ్వు అల్లితే నాకేమి? నేను చూసినా!" అన్నది రామలక్ష్మమ్మ.

"ఊరుకో అవ్వా. తప్పు మాదే. కుడి కావాలని ఇద్దరం లెక్క తిప్పుకున్నాం. సామి పల్లకి మెట్లు దిగేదానికి ఇంకా అరగంట ఉండాది. ఆ లోపల ఎడమ చెప్పు వస్తాది. రాలేదంటే నువ్వు మద్రాసుకు ఫోను చేసుకో, నేను అడ్డం రాను."

సుబ్బయ్య గడియారం చూసుకున్నాడు. "అరగంటలో కొత్త చెప్పు కుడతావా?"

"కుట్టను. తిప్పుతా."

కుడి చెప్పు అడుగును బోర్లా తిప్పితే ఎడమది అవుతుంది. వారులు విప్పి, ఉంగటం తీసి, అవతలి వైపు నుంచి మళ్ళీ కుట్టాలి, అంతే. అయితే తిప్పిన చెప్పుకు పై పని కిందికి పోతుంది, అడుగు పైకి వస్తుంది. ఎవరిది తిప్పాలి? బొజ్జన్న తన తామరపువ్వును పొట్టకు అదుముకుని నిలబడ్డాడు, బిడ్డను ఎత్తుకుపోతారేమోనన్నట్టు. ఏసేపు నెమలిని ఒకసారి చేత్తో తడిమాడు. నూట ఎనిమిది మొలలు. తర్వాత గుడ్డసంచిలోంచి తోలు పొడిచే ఆరె తీసి, మొదటి కుట్టు తెంపేశాడు.

జనం చుట్టూ మూగారు. తోలు మందం, దారం బిగువు, ఒక్క మనిషి వల్ల అయ్యే పని కాదు. పావుగంట గడిచినా ఒక పక్క వారే పడింది. ఏసేపు చెమట తోలు మీద కారుతోంది. బొజ్జన్న అటు చూశాడు, ఇటు చూశాడు, తామరపువ్వును పూజారి చేతిలో పెట్టి, పంచె ఎగ్గట్టి వచ్చి ఎదురుగా కూలబడ్డాడు. చెప్పు మడమను రెండు పాదాల నడుమ బిగించి పట్టాడు.

"లాగురా."

"మనం కలిసి కుట్టగూడదు గదన్నా."

"వంతు తప్పింది, ఇంకేం మిగిలింది తప్పేదానికి. లాగు."

లాగాడు. ఒకడు పొడిచాడు, ఒకడు పట్టాడు. కాసేపటికి బొజ్జన్న మెల్లగా, "ఇత్తడి మొలలు కిందికి పోయినాయి గదరా. పొద్దుగూకినాక సామి నడుస్తాంటే బండల మీద టక్కుటక్కుమంటాది. ఆదిలక్ష్మమ్మకు వినబడదా?" అన్నాడు.

"వినబడనీలే. ఒక్క ఏడన్నా ఇంట్లో ఉంటాడు."

దగ్గరున్న ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. పల్లకి మొదటి మెట్టు దిగేసరికి ఏసేపు దారం కొరికేశాడు. పూజారి రెండు చెప్పులూ పక్కపక్కన పెట్టాడు. నూలుపోగంత తేడా లేదు. సుబ్బయ్య వంగి, వేలితో అంచు రాసి చూశాడు. ఇంకొంచెం వంగి చూశాడు. ఫోను మాత్రం మళ్ళీ బయటికి తీయలేదు.

తలల వరుస మొదలైంది. ఎప్పటిలాగే ముందు బొజ్జన్న కుడి చెప్పు. నున్నని అడుగు, నెత్తిన ఆనీ ఆననట్టు పోయింది. తర్వాత ఎడమది. పెత్తందారు కాబట్టి వరుసలో మొదటి తల సుబ్బయ్యదే. బట్టతల. పూజారి, పుణ్యం ఎక్కువ రావాలనేమో, కొంచెం గట్టిగానే ఆనించాడు. సుబ్బయ్య "హమ్మా" అని తలెత్తేసరికి నడినెత్తిన మొలల అచ్చు ఎర్రగా, వరుసగా, పురి విప్పుకుని కూర్చుంది.

"నెమలి! సామి నెమలి ముద్రేసినాడు!" అని అరిచింది రామలక్ష్మమ్మ.

ఇంకేముంది. కుడి చెప్పు వరుసలో వాళ్ళంతా గబగబా ఎడమ చెప్పు వరుసలోకి దూకారు. నెత్తిన వెంట్రుకలున్నవాళ్ళు నుదుటి మీద ఆనించమన్నారు. ఒకడు చేతి మీద వేయించుకుని ఫోటో తీసుకున్నాడు. సుబ్బయ్యను నలుగురు చుట్టుముట్టి తల చూపించమంటుంటే, ఆయన మొదట కసురుకుని, తర్వాత చూపించి, ఆ తర్వాత అడగనివాళ్ళకు కూడా వంగి చూపించడం మొదలుపెట్టాడు. దారిలో ఏసేపు ఎదురుపడితే ఆగి, "వచ్చే ఏడుకు మొలలు కొంచెం పెద్దవి ఏయప్పా, సరిగా పడలేదని మా తమ్ముడు అంటాండాడు" అన్నాడు. మద్రాసు మాట ఆయనా ఎత్తలేదు, ఏసేపూ ఎత్తలేదు.

చివరికి మండపం మెట్ల మీద ఏసేపు, బొజ్జన్న, వరమ్మ పులిహోర దొన్నెలు పట్టుకుని కూర్చున్నారు. కుడి చెప్పు దగ్గర ఒక్క మనిషి కూడా లేడు. బొజ్జన్న దాని వైపే చూస్తూ తింటున్నాడు.

"ఒరే ఏసేపూ" అన్నాడు ఉన్నట్టుండి. "ఈ ఏడు నేను కుడి. వచ్చే ఏడు నాది ఎడమ. సరేనా?"

ఏసేపు నమలడం ఆపాడు. "అదెట్లన్నా? నేను కుట్టింది కుడి. తిప్పుకున్నాంగాని కుట్టింది కుడే గదా. వచ్చే ఏడు ఎడమ నాది."

"జనం నెత్తిన పడింది ఎడమ గదరా!"

"నెత్తిన పడేది లెక్క గాదు, చేతిన పడేది లెక్క!"

వరమ్మ తన దొన్నె ఖాళీ చేసి, మొగుడి దొన్నెలోంచి ఒక పిడికెడు తీసుకుని లేచింది. "నేను రేపే నాగలత కాడికి పోతా. మేమిద్దరం అనుకుని చెప్తాం, మీరు కుట్టండి."

"రూలు..." అన్నారు ఇద్దరూ ఒకేసారి.

ఆమె అప్పటికే మెట్లు దిగి పోతోంది.